తొంభై తొమ్మిది దాకా

ఆఖరి ఫెర్రీ అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాక
టికెట్ల కిటికీకి రేకు లాగి
జుస్సారా పాత లాప్‌టాప్ తెరుస్తుంది.
బయట మినువానో గాలి.
దక్షిణ బ్రెజిల్ జూలైలో అది
ఎముకల్ని పేరుపెట్టి పిలుస్తుంది.
మాటే ఆకుమీద వేడినీళ్ళు మూడోసారి.

ఆమె పదకొండో ఏట
పరాగ్వే సరిహద్దు దాటి, మేజోళ్ళ పెట్టెలో దాక్కుని
వచ్చిందా కార్ట్రిడ్జ్.
జపాను అక్షరం ఒక్కటీ రాదు.
అయినా ఆడింది.
పై వరస అంటే అవును, కింది వరస అంటే కాదు,
గుడిసెలాంటి అక్షరం మందు,
ముళ్ళకంపలాంటిది విషం.
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతికినట్టు
తడుముకుంటూ ఒక లోకం దాటింది.

అందులో ఒక పడవవాడు.
పేరు సెంజో అని ఆమెకు ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది,
అప్పట్లో వట్టి టోపీ తాత.
ముగ్గురి వెనక నాలుగోవాడు,
తెడ్డుతో కొడతాడు, తరచూ గురి తప్పుతాడు.
పన్నెండో లెవెల్లో, వరదలో,
పిల్లల్ని ఒడ్డుకు తోసి తను మునిగిపోతాడు.
ఏం నొక్కినా మునిగిపోతాడు.
ఆమె అన్నీ నొక్కింది.

ఇప్పుడు ఆ ఆట కడుపు కోసి చూస్తోంది.
తొమ్మిది తర్వాత పది రాని అంకెలు,
తెరనిండా చీమల బారులు.
వెతగ్గా వెతగ్గా
సెంజో బలాల పట్టిక దొరికింది.

పన్నెండు దగ్గర ఆగాలి కదా.
ఆగలేదు.
పదమూడు, పద్నాలుగు, నలభై, డెబ్బై,
తొంభై తొమ్మిది దాకా రాసి ఉంది.
యాభై దాటాక వేగం తగ్గుతుంది, ఒడుపు పెరుగుతుంది.
ఎనభై ఆరులో అదృష్టం
ఉన్నట్టుండి మూడు పెరుగుతుంది, ఎందుకో.

ఒసాకాలోనో మరెక్కడో
పేరు తెలియని ఒకడు కూర్చుని
చావు ఖాయమైనవాడికి
ముసలితనం దాకా లెక్క కట్టాడు.
చస్తాడని అతనికి ఎవరూ చెప్పలేదేమో.
లేదా చెప్పినా...

జుస్సారా రేకు ఎత్తి సరస్సు చూసి వచ్చింది.
మళ్ళీ కూర్చుంది.

ఒకే ఒక్క అంకె మార్చింది.
వరద వచ్చింది, పోయింది.
సెంజో వరసలో నాలుగోవాడుగానే ఉన్నాడు,
టోపీ అయినా తడవలేదు.

తర్వాతి ఊళ్ళో అందరూ అతనికోసం ఏడ్చారు,
అతని ఎదుటే.
రాజకుమారి అతని తెడ్డును నదిలో వదిలింది,
అతని చేతిలో ఇంకో తెడ్డు ఉంది.
కూతురు తలుపు తీసి "నాన్నేడీ?" అంది.
నాన్న రెండు గళ్ళ దూరంలో
ఉన్నచోటే కాళ్ళాడిస్తూ నిలబడ్డాడు,
ఆ ఆటలో నిలబడటమంటే అదే.

బతికించడం అంకెల పని, అయిపోయింది.
మాటలే లేవు.
వరద తర్వాత అతనికి ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు.
రాద్దామంటే చోటేదీ?
కార్ట్రిడ్జ్ అంతా కిక్కిరిసిన బస్సు,
ఫుట్‌బోర్డు మీద మూడక్షరాల జాగా.

పొద్దున తాళ్ళు విసిరే ఎదెమార్‌కి చూపించింది.
"వాడు మాట్లాడక్కర్లేదు" అన్నాడు, రొట్టె నములుతూ.
"మా మామ్మ కథ చెబుతుంటే
తాత చేసేదే చేయించు."

ఆ మూడక్షరాలు పోర్చుగీసులో ఎలా పలికినా
మన భాషలో అది ఊఁ.

"అతనుంటే ఈ కొండ దాటించేవాడు."
"ఊఁ."
"నాన్నేడీ?"
"ఊఁ."

ఐదో అధ్యాయంలో, వంతెన దగ్గర,
ఆట ఇంకా బిగుసుకుపోతోంది. ఎందుకో దొరకలేదు.
ఎదెమార్ సెంజో ముప్పై ఒకటికి చేరాడు.
"ఎనభై ఆరులో ఏమవుతుంది?" అని అరుస్తాడు
డెక్ మీంచి, ఇంజను మోతలో.
"తెలీదు, ఎవరూ అక్కడిదాకా తీసుకెళ్ళలేదు"
అంటుంది జుస్సారా
చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండా.